పన్నెండా, ఇరవైనాలుగా

స్టిక్కరు మీద చీమతలకాయంత అక్షరాలు.
జలీల్ భాయ్ కళ్లద్దాలు నుదుటి మీంచి దించి చదివాడు:
"పది నుంచి ఇరవై వోల్టుల దాకా.
పైకెళ్తే పొగ. కిందికెళ్తే గుడ్డిది."

నా బోటులో ఉన్నది ఇరవైనాలుగు.
పన్నెండూ పన్నెండూ, రెండు బేటరీలు,
ఒకదాని తోక ఇంకోదాని నోట్లో.
తెల్లారగట్ట మూడింటికి
చల్లబడ్డ డీజిలింజన్ని తన్ని లేపాలంటే అంత కావాలి.

"రెండింట్లో ఒకదాన్నుంచి లాగేద్దాం" అన్నాను.
హార్బర్లో సగం బోట్లు చేసేదదే.
జలీల్ భాయ్ టంకం కడ్డీ పక్కన పెట్టాడు.
"అలివి వల లాగావా ఎప్పుడైనా?"
పెదజాలరిపేటలో పుట్టినోణ్ణి అడగాల్సిన మాటేనా!
"రెండు తాళ్లకీ సమంగా మనుషులుండాలి కదా.
ఒక తాడు కాడ సగం మంది టీకెళ్తే?"
వల వంకరపోతుంది. పారలన్నీ అటునుంచే జారిపోతాయి.
"ఇవీ అంతే. ఒకటి ఎండిపోతాది.
రెండోది వద్దన్నా తాగి, కడుపుబ్బి చస్తాది."

కన్వర్టరు ముచ్చట పోయిన నెలే తీరింది.
పూర్ణా మార్కెట్లో ఏడొందలు.
భీమిలి దాటామో లేదో తెర నిండా చేపలు,
ఎర్రగా, పచ్చగా, గుంపులు గుంపులు.
వల దింపి తీస్తే
నీళ్లు, రెండు జెల్లీ ముద్దలు, ఎడమకాలి చెప్పు.
అవన్నీ కన్వర్టరు గొణుగుడట.
తీగలో సణుగుడికి తెర మొప్పలు తొడిగింది.

పరదేశి తాత ఆ రోజు నవ్వలేదు.
నవ్వినా బాగుండేది.
ఆయన వయసులో ఉన్నప్పుడు
తెడ్డు నీళ్లలో ముంచి, పిడి చెవికి ఆనించి
గొరకల గుర్రు వినేవాడు.
"నా చెవికెన్ని వోల్టులో ఎవడూ అడగలేదురా"
అన్నాడు, రెండ్రోజులు పోయాక, అన్నం తింటూ.

లిథియం కూడా చూపించాడు జలీల్ భాయ్,
నీలం కాగితం చుట్టిన పెట్టె, పసిపిల్లంత బరువు.
"ఆఖరు దాకా ఒకే మాట మీద నిలబడతాది.
తర్వాత చెప్పకుండా పోతాది."
సీసందైతే నీరసం వచ్చినప్పుడల్లా చెబుతుంది,
పదకొండున్నర, పదకొండూ పావు,
దిగుతూ దిగుతూ.
మా అన్న గురవయ్య
పొద్దుగూకే దాకా కూర్చుని వల బాగుచేశాడు.
దారం ఇంకా సూదిలోనే ఉంది.
సీసందే ఇమ్మన్నాను. ధర సంగతి తర్వాతడిగాను.

అయినా ఎక్కడ కలపాలో తేల్చింది కాసులమ్మ.
రాత్రి గంప దించి
పిల్లాడి నోటుబుక్కులో లెక్క రాసుకుంటూ
తలెత్తకుండానే అంది:
"నా ఎండుచేపల డబ్బు
నీ డీజిలు డబ్బులో కలిపానా ఎప్పుడైనా?
కలిపుంటే ఈపాటికి రెండూ లేవు."

అలా మూడో బేటరీ.
పన్నెండు. ఇంజనుతో పొత్తు లేనిది.
పాత ఐసుపెట్టెలో థర్మోకోలు నడుమ కూర్చోబెట్టి,
మూడు ఏంపుల ఫ్యూజు పెట్టి,
మొలలకి వేజలీను రాశాను, ఉప్పుగాలి తినకుండా.
ఒడ్డుకొస్తే భుజాన మోసుకెళ్లాలి.
మా ఇంట్లో ఇప్పుడది ఫేను కింద పడుకుంటుంది.

మొన్న డాల్ఫిన్స్ నోస్ దీపం వెనక పడ్డాక
ఇంజను ఆపి, మళ్లీ తిప్పాను, కావాలనే.
కేబిన్ బల్బు ఒక్కసారి కుంగింది.
తెర రెప్ప వేయలేదు.
ముప్పై మూడు మీటర్లంది.

పరదేశి తాత సీసపు గుండు వదిలాడు.
అడుగు తగిలాక తడితాడు లాగుతూ
చేతులు బార్లా చాపి కొలిచాడు,
ఒకటి, రెండు... పద్దెనిమిది బారలు.
"నీ పెట్టె ఎంతంది?"
చెప్పాను. మీటర్లు ఆయనకి పడవు.
వేళ్ల మీద చాలాసేపు ఏదో లెక్కేసి
"బీడీ ఉందా?" అన్నాడు.

తెర మీద ఒక్క చేప లేదు.
లేదంటే లేదనే.
వల దింపకుండా
ఋషికొండ వైపు తిప్పాను బోటు.